ఎవరివో తెలియని తీగలు

శ్రోతలకు నమస్కారం. బెంగళూరులో మారతహళ్లిలోనో మడివాళలోనో పీజీలో ఉండే పిల్లల్ని చూడ్డానికి ఊరినుంచి వచ్చిన పెద్దవాళ్లు సందు మొదట్లోనే తల పైకెత్తి "ఇన్ని కరెంటు తీగలేంట్రా!" అంటుంటారు. నిజానికి ఆ చిక్కులో కరెంటు తీగలు తక్కువ.

ఒక స్తంభాన్ని పైనుంచి కిందికి చూడండి. పైన ఎడంఎడంగా బిగించినవి 11 వేల వోల్టుల తీగలు. వాటి కింద ఇళ్లకు సరఫరా ఇచ్చే లైను. ఇప్పుడు చాలాచోట్ల నల్ల తొడుగుతో మెలివేసిన కేబులు వేస్తున్నారు. అంతవరకూ ఓ పద్ధతుంది. ఇంకా కిందికి, దాదాపు చేతికందే ఎత్తులో చుట్టలు చుట్టి వేలాడేవన్నీ ఇంటర్నెట్టువి, టీవీవి. ఎవరైనా కనెక్షన్ మార్చుకుంటే కొత్త కుర్రాడొచ్చి కొత్త తీగ లాగుతాడు. పాతది అలాగే ఉంటుంది. తీసేద్దామన్నా ఏది ఎవరిదో, ఏది పనిచేస్తోందో ఎవరికి తెలుసు? స్తంభం దొరక్కపోతే చెట్టు ఉండనే ఉంది.

స్తంభాన్ని మరీ తిట్టుకోనక్కర్లేదు లెండి. 1902లో కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కోలారు బంగారు గనులకు, చిత్తూరు వైపు నుంచి వెళ్లిన మనవాళ్లూ చెమటోడ్చిన గనులకు, కరెంటు దాదాపు 150 కిలోమీటర్లు స్తంభాల మీదే వెళ్లింది. 1905లో బెంగళూరుకూ అలాగే వచ్చింది.

ఇప్పుడు బెంగళూరుకు కరెంటు ఇచ్చే సంస్థ బెస్కాం 11 వేల వోల్టుల లైన్లను భూమిలోకి దించుతోంది. మంచిదే. వేసవి గాలివానకు కొమ్మ విరిగి పడినప్పుడల్లా కరెంటు పోయే బాధ తగ్గుతుంది. కాకపోతే ఖర్చు కొన్ని రెట్లు. పైగా భూమిలో కేబుల్ దెబ్బతింటే కంటికి కనబడదు. పరికరాలున్న బండి వచ్చి చోటు పట్టుకోవాలి. ఇక జేసీబీ సంగతి చెప్పనే అక్కర్లేదు. నీళ్ల పైపు కోసం తవ్వేవాడికి కింద ఏముందో చెప్పే నాథుడు ఉండడు.

దీనికి మందు ఊళ్లోనే ఉంది. రెసిడెన్సీ రోడ్డు, సెయింట్ మార్క్స్ రోడ్డు, 2018లో కొత్తగా ముస్తాబైన చర్చ్ స్ట్రీట్ చూడండి. టెండర్ ష్యూర్ అనే పద్ధతిలో ఫుట్‌పాత్ కింద కరెంటుకు, ఇంటర్నెట్టుకు వేర్వేరు గొట్టాలు వేసి, మధ్యమధ్య మూతలున్న గుంతలు కట్టారు. కొత్త తీగ కావాలంటే మూత తీసి లాగడమే, రోడ్డు తవ్వే పని లేదు. మరీ ఖరీదని అప్పట్లో విమర్శలొచ్చాయి. తవ్వడం, పూడ్చడం, మళ్లీ తవ్వడం ఉచితమా ఏమిటి?

అయితే గొట్టం వేసినంత మాత్రాన తీగ దిగదు. గొట్టానికి అద్దె కట్టాలి, స్తంభం మీద ఊరికే వేలాడదీయొచ్చు అంటే ఏ కంపెనీ దిగుతుంది? గొట్టం సిద్ధమైన వీధిలో గడువు పెట్టి, ఆ తర్వాత పైనున్నవాటిని నిర్దాక్షిణ్యంగా కత్తిరించాలి. రెండు రోజులు నెట్ రాదు, ఇంట్లో గొడవవుతుంది. అవనీయండి. కాలవ తవ్వేటప్పుడు పక్కనున్న చెట్ల వేళ్లు నరక్కుండా చూస్తే చాలు.

ఈలోగా ఒక్క జాగ్రత్త. 2023 నవంబరులో వైట్‌ఫీల్డ్ దగ్గర హోప్ ఫార్మ్ జంక్షన్‌లో, ఫుట్‌పాత్ మీద పడి ఉన్న కరెంటు తీగ తగిలి ఒక తల్లి, తొమ్మిది నెలల పాప చనిపోయారు. కింద తీగ కనిపిస్తే అది ఇంటర్నెట్టుదో కరెంటుదో తేల్చే పని మనం పెట్టుకోవద్దు. దూరంగా నిలబడి, అటు వచ్చేవాళ్లను ఆపి, బెస్కాం నంబరు 1912కి ఫోన్ చేయండి.