నాబ్ హిల్ మీద రెండు బార్లు, ఒక సముద్రం

హోస్ట్: నమస్తే అండీ. ఇవాళ మన కబుర్లన్నీ శాన్‌ఫ్రాన్సిస్కో టికీ బార్ల గురించి. అంటే పసిఫిక్ దీవుల్లా అలంకరించిన బార్లు: వెదురు గోడలు, గడ్డి కప్పు, చెక్క విగ్రహాలు, రమ్ కాక్‌టెయిల్స్. ఏళ్ల తరబడి బే ఏరియాలో ఉంటూ, ఊరి నుంచి ఎవరొచ్చినా దగ్గరుండి తిప్పే అన్నయ్య మనతో ఉన్నారు. అన్నా, ముందు ఏ టికీ బార్‌కి తీసుకెళ్తారు?

గెస్ట్: ముందు టికీ బార్‌కే తీసుకెళ్లనమ్మా. టాప్ ఆఫ్ ది మార్క్‌కి తీసుకెళ్తా. నాబ్ హిల్ అనే కొండ మీద మార్క్ హాప్కిన్స్ హోటల్, 19వ అంతస్తు. 1939లో తెరిచారు. కిటికీల్లోంచి ఊరు, బే, గోల్డెన్ గేట్ వంతెన అన్నీ కనిపిస్తాయి.

హోస్ట్: అది పాతకాలం లాంజ్ కదా, టికీతో ఏం సంబంధం?

గెస్ట్: చాలా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్‌కి వెళ్లే కుర్రాళ్లు ఓడ ఎక్కే ముందు ఇక్కడికొచ్చి తాగేవాళ్లు. ఒక స్క్వాడ్రన్, అంటే ఒక సైనిక దళం వాళ్లు సీసా కొని బార్‌టెండర్ దగ్గర పెట్టి వెళ్తారు. ఆ స్క్వాడ్రన్ నుంచి తర్వాత ఎవరొచ్చినా అందులోంచి ఫ్రీగా తాగొచ్చు. ఆఖరి గుక్క ఎవరి వంతుకి వస్తే వాళ్లు కొత్త సీసా కొని పెట్టాలి. వాయవ్య మూల కిటికీల దగ్గర భార్యలు, ప్రేయసులు నిలబడి ఓడలు గోల్డెన్ గేట్ దాటేదాకా చూస్తూ ఏడ్చేవాళ్లు. ఆ చోటికి వీపర్స్ కార్నర్ అనే పేరే పడిపోయింది.

హోస్ట్: అయ్యో... ఆ సీసా మీద ఎంత నమ్మకం పెట్టుకున్నారో అన్నా. మళ్లీ వస్తామనే కదా.

గెస్ట్: అవునమ్మా. అందుకే నేను ఎవరినైనా ముందు ఆ మూల కూర్చోబెడతాను. తర్వాత కిందికి దిగి, కేబుల్ కార్లు నడిచే కాలిఫోర్నియా స్ట్రీట్ దాటితే ఎదురుగా ఫెయిర్‌మాంట్ హోటల్. అందులోనే టోంగా రూమ్ అనే టికీ బార్ ఉంది. అక్కడ 1929లో కట్టిన ఈతకొలను ఉండేది. 1945లో ఎంజీఎం సినిమా స్టూడియో సెట్ డైరెక్టర్ మెల్ మెల్విన్ దాన్ని దక్షిణ పసిఫిక్ దీవుల మడుగులా మార్చేశాడు. అదే ఏడాది, అదే హోటల్లో ఐక్యరాజ్యసమితి చార్టర్ మీద చర్చలు జరిగాయి చూడు!

హోస్ట్: లోపల వాన పడుతుందటగా?

గెస్ట్: పడుతుంది! మనం టేబుల్ దగ్గర మాట్లాడుకుంటూ ఉంటాం. ఉన్నట్టుండి ఉరుము, మెరుపు. కొలను మీద జల్లు మొదలవుతుంది. నీళ్ల మధ్యలో పడవ మీద బ్యాండ్ తేలుతూ వాయిస్తూ ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు మాట ఆపేసి అటే చూస్తారు. కొందరు దీన్ని సినిమా సెట్టింగ్ అని కొట్టిపారేస్తారు. నాకు అలా అనిపించదు. వీధికి అవతల పై అంతస్తులో కూర్చుని అసలు పసిఫిక్ వైపు భయంభయంగా చూసిన తరమే, ఇక్కడికొచ్చి ఎవరూ చనిపోని పసిఫిక్ పక్కన డాన్స్ చేసింది. ఆ రెండు బార్లూ ఒకే సాయంత్రం చూడాలని నేను పట్టుబట్టేది అందుకే. 2009 ప్రాంతంలో అక్కడ ఫ్లాట్లు కట్టే ప్లాన్‌లో టోంగా రూమ్ పోయేలా ఉంటే, జనం ఊరుకోలేదు. మంచి పని చేశారు.

హోస్ట్: అసలీ టికీ సరదా ఎక్కడ మొదలైంది?

గెస్ట్: 1930లలో హాలీవుడ్‌లో. డాన్ ది బీచ్‌కోంబర్ అనే ఆయన పెట్టాడు. ఆయన జాంబీ కాక్‌టెయిల్ ఎంత ఘాటంటే మనిషికి రెండే ఇచ్చేవాళ్లు. ఇక బే ఏరియాకొస్తే విక్టర్ బెర్జెరాన్, అంటే ట్రేడర్ విక్. చిన్నప్పుడే టీబీ వల్ల ఒక కాలు తీసేశారు. కస్టమర్లకి మాత్రం సొరచేప కొరికిందని కథ చెప్పేవాడు. 1934లో ఓక్లాండ్‌లో హింకీ డింక్స్ అని చిన్న బార్ తెరిచాడు, తర్వాత అదే ట్రేడర్ విక్స్ అయింది. అక్కడే 1944లో మై టై అనే కాక్‌టెయిల్ పుట్టింది.

హోస్ట్: మై టై అంటే పైనాపిల్ జ్యూస్ ఉంటుంది కదా?

గెస్ట్: విక్ చేసినదాంట్లో లేదమ్మా! పైనాపిల్ తర్వాత హవాయిలో చేరింది. అసలుది చెప్తా విను. 17 ఏళ్లు పాతబడిన జమైకా రమ్ 60 మిల్లీలీటర్లు. ఒక నిమ్మకాయ రసం. నారింజ తొక్కతో చేసే కురాసావ్ అనే తియ్యటి మద్యం కొంచెం. ఇంకొంచెం బాదం సిరప్, కొంచెం పటికబెల్లం పాకం. చితక్కొట్టిన ఐస్‌తో షేక్ చేసి, పిండిన నిమ్మ డిప్పనే పైన బోర్లించి, పక్కన పుదీనా రెమ్మ గుచ్చుతారు. ఆ రెమ్మని తీసి పారేయకూడదు. గ్లాసు ఎత్తినప్పుడు ముక్కు దానికి తగలాలి. ముందు పుదీనా వాసన, తర్వాత పులుపు, ఆ వెనక రమ్, చివర్లో నాలుక మీద బాదం. మన ఇళ్లలో ఉండే బాదం, పటికబెల్లం అక్కడ ఇంత పని చేస్తాయంటే నాకు భలే సంతోషం.

హోస్ట్: నోరూరిపోతోంది అన్నా. కానీ ఆ విగ్రహాల సంగతేంటి? అవి అక్కడివాళ్లకి దేవుళ్లు కదా?

గెస్ట్: దేవుళ్లు, పూర్వీకులు. మావోరీలకి, హవాయి వాళ్లకి, మార్కెసస్ దీవుల వాళ్లకి పూజ్యమైన రూపాలు. మన దేవుడి బొమ్మ చెప్పుల మీద ముద్రిస్తే మనకి ఎలా మండుతుందో, పసిఫిక్ దీవుల వాళ్ల బాధ కూడా అలాంటిదే. పైగా గ్లాసులో పోసే రమ్ కరీబియన్‌ది. అందుకే ఆ ముఖాలున్న మగ్గులు నేను కొనను. డ్రింక్ కలపడంలో ఉన్న పనితనం మీద మాత్రం నాకు ప్రాణం. విగ్రహాలు తీసేసినా ఆ రుచి ఎక్కడికీ పోదు.

హోస్ట్: ఆ పనితనం బాగా చూడాలంటే?

గెస్ట్: స్మగ్లర్స్ కోవ్. గాఫ్ స్ట్రీట్‌లో, 2009లో మార్టిన్ కేట్ తెరిచాడు. బయట బోర్డు కనపడదు, చిన్న చోటు, మూడు అంతస్తులు. వందల రకాల రమ్ ఉంటుంది. బార్ ముందు సీటు దొరికితే వదలొద్దు. ఏ దేశం రమ్, చెరుకు రసంతో చేసిందా, మొలాసిస్‌తో, అంటే చెరుకు మడ్డితో చేసిందా అని అడగండి, ఓపిగ్గా చెప్తారు.

హోస్ట్: ఇవన్నీ ఒకే రాత్రి తిరగొచ్చా?

గెస్ట్: వద్దమ్మా. ఒక సాయంత్రం నాబ్ హిల్, ఇంకో సాయంత్రం స్మగ్లర్స్ కోవ్. ట్రేడర్ విక్స్‌కి వేరే రోజు పెట్టుకోవాలి, అది 1972లో ఎమరీవిల్‌కి, నీళ్ల ఒడ్డుకి మారింది. కారు ఇంట్లోనే ఉంచండి. ముందు కడుపునిండా తినండి, తియ్యగా ఉంది కదా అని గబగబా తాగేస్తే రమ్ తర్వాత తన్నుతుంది. ఐడీ మర్చిపోకండి, 21 నిండకపోతే మందు పొయ్యరు. టోంగా రూమ్‌కి మాత్రం టేబుల్ ముందే బుక్ చేసుకోండి, కొలను పక్కనే కావాలని అడగండి.