36 సార్లు ఓటు వేసిన సభ

శ్రోతలకు నమస్కారం.

1801 ఫిబ్రవరి 11. అమెరికాలోని వాషింగ్టన్ నగరంలో మంచు కురుస్తోంది. పేరుకు రాజధానే గానీ, చట్టసభలు కూర్చునే కాపిటల్ భవనంలో అప్పటికి ఒక భాగమే పూర్తయింది. ఆ రోజు ఉభయ సభల ఎదుట ఎలెక్టర్ల, అంటే అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి రాష్ట్రాలు నియమించినవారి, ఓట్ల లెక్క ప్రకటించిన వ్యక్తి ఉపాధ్యక్షుడు థామస్ జెఫర్సన్. అధ్యక్ష పదవికి పోటీ చేసినవాడూ ఆయనే! జెఫర్సన్‌కు 73 ఓట్లు, ఆరన్ బర్‌కు 73, పదవిలో ఉన్న జాన్ ఆడమ్స్‌కు 65.

సమానంగా ఓట్లు వచ్చిన ఆ ఇద్దరూ ప్రత్యర్థులు కారు, ఒకే పక్షంవారు. బర్‌ను ఉపాధ్యక్షుణ్ణి చేయాలన్నదే ఆ పక్షం ఉద్దేశం. మరి ఈ చిక్కు ఎలా వచ్చింది?

1787లో రాజ్యాంగం రాసిన పెద్దలు దేశంలో పార్టీలు పుడతాయని లెక్కలోకి తీసుకోలేదు. ఒక్కో ఎలెక్టరుకు రెండు ఓట్లు ఇచ్చారు. ఏ ఓటు ఏ పదవికో చెప్పే వీలు లేదు. మొదటి స్థానంలో వచ్చినవాడు అధ్యక్షుడు, రెండోవాడు ఉపాధ్యక్షుడు. జార్జి వాషింగ్టన్ ఉన్నంతకాలం ఈ పద్ధతి బాగానే నడిచింది. కానీ చీలిక ఆయన మంత్రివర్గంలోనే మొదలైంది. ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ జాతీయ బ్యాంకు కావాలన్నాడు, రాష్ట్రాల యుద్ధ రుణాలను కేంద్రమే తీర్చాలన్నాడు. విదేశాంగం చూసే జెఫర్సన్‌కు కేంద్రం అంత బలపడటం నచ్చలేదు. హామిల్టన్ వైపువారు ఫెడరలిస్టులు, జెఫర్సన్ వైపువారు రిపబ్లికన్లు అయ్యారు. నేటి రిపబ్లికన్ పార్టీ వేరు, అది 1854లో పుట్టింది.

1796 ఎన్నికల్లో ఫెడరలిస్టు ఆడమ్స్‌కు 71, జెఫర్సన్‌కు 68 వచ్చాయి. ఓడినవాడు గెలిచినవాడికి ఉపాధ్యక్షుడయ్యాడు. ఒకే ఒరలో రెండు కత్తులు! 1798లో ఫెడరలిస్టులు రాజద్రోహ చట్టం తెచ్చారు. ప్రభుత్వంపై, అధ్యక్షుడిపై, చట్టసభ అయిన కాంగ్రెస్‌పై దురుద్దేశంతో అబద్ధాలు రాయడం నేరం. ఆ జాబితాలో ఉపాధ్యక్షుడు లేడు. అంటే జెఫర్సన్‌ను మాత్రం ఎంతైనా తిట్టవచ్చు. వెర్మాంట్ ప్రతినిధి మాథ్యూ లయన్‌ను ఈ చట్టం కింద జైల్లో పెడితే, ఓటర్లు ఆయన్ను జైలు నుంచే మళ్ళీ గెలిపించారు.

1800 నాటికి పార్టీ కట్టుబాటు బిగిసింది. ఫెడరలిస్టులు ముందుచూపుతో తమ రెండో అభ్యర్థి పింక్నీకి ఒక ఓటు తగ్గించి జాన్ జేకి వేయించారు. రిపబ్లికన్లలో ఆ ఒక్క ఓటు మళ్ళించే పని ఎవరూ చేయలేదు. అలా ఓట్లు సమానం కావడంతో తీర్పు ప్రతినిధుల సభకు వెళ్ళింది. అక్కడ ఒక్కో రాష్ట్రానికి ఒకే ఓటు. 19 మంది ప్రతినిధులున్న వర్జీనియాకూ ఒకటే, ఒకే ఒక్క ప్రతినిధి ఉన్న డెలవేర్‌కూ ఒకటే. ఉన్న 16 రాష్ట్రాలలో 9 కావాలి.

మొదటి విడతలో జెఫర్సన్‌కు 8, బర్‌కు 6 వచ్చాయి. రెండు రాష్ట్రాలు తమలో తామే చీలిపోయి ఎటూ కాకుండా పోయాయి. జెఫర్సన్ అంటే గిట్టని ఫెడరలిస్టులు బర్‌ను ఎత్తుకున్నారు. మేరీలాండ్ ప్రతినిధి జోసెఫ్ నికల్సన్ తీవ్ర జ్వరంతో ఉన్నా, మంచులో మంచం మీద మోయించుకుని వచ్చి, పక్క గదిలో పడుకునే ఓటు వేస్తూ వచ్చాడు. ఆయన లేకపోతే మేరీలాండ్ బర్ వైపు పోయేది. విడత తర్వాత విడత, అదే లెక్క. వర్జీనియా, పెన్సిల్వేనియా గవర్నర్లు సాయుధ దళాలను సిద్ధం చేసే ఆలోచనలో పడ్డారు. బర్ మాత్రం తాను తప్పుకుంటున్నానని తేల్చి చెప్పలేదు. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా ఖరీదైన మౌనం అదే. జీవితమంతా జెఫర్సన్‌తో తగవులాడిన హామిల్టన్ కూడా బర్ కన్నా జెఫర్సనే నయమని తన పక్షంవారికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు.

చివరికి ముడి విప్పినవాడు డెలవేర్ ఏకైక ప్రతినిధి, ఫెడరలిస్టు జేమ్స్ బేయర్డ్. ఫిబ్రవరి 17న, 36వ విడతలో ఆయన ఖాళీ చీటీ వేశాడు. వెర్మాంట్‌లోని ఫెడరలిస్టు సభలోంచి తప్పుకోవడంతో, మొన్న జైలుకెళ్ళిన లయన్ ఓటే ఆ రాష్ట్రం ఓటైంది. జెఫర్సన్‌కు 10, బర్‌కు 4. కొన్ని హామీలు అందాకే వెనక్కి తగ్గానని బేయర్డ్ తర్వాత చెప్పాడు. బేరమేమీ జరగలేదన్నాడు జెఫర్సన్. వారం రోజులు కదలని సభ ఊరికే కదిలిందంటే నేను నమ్మలేను.

రక్తపాతం లేకుండా అధికారం చేతులు మారిందని ఈ ఘట్టాన్ని మెచ్చుకుంటారు. నిజమే. అయితే ఓటు లేని బానిసలను ఒక్కొక్కరిని అయిదింట మూడు వంతులుగా లెక్కగట్టి దక్షిణాది రాష్ట్రాలకు అదనపు ఎలెక్టర్లను ఇచ్చారు. ఆ అదనం లేకపోతే ఆడమ్సే గెలిచేవాడని చరిత్రకారులు లెక్కగట్టారు. మార్చి 4న తెల్లవారకముందే ఆడమ్స్ ఊరు విడిచి వెళ్ళాడు, ప్రమాణస్వీకారానికి ఉండలేదు.

1804లో 12వ సవరణ వచ్చి రెండు పదవులకూ ఓట్లు విడివిడిగా వేయించింది. ఆ ఏడాది జులైలోనే, ఉపాధ్యక్షుడిగా ఉంటూనే, బర్ ద్వంద్వ యుద్ధంలో హామిల్టన్‌ను కాల్చి చంపాడు. ఎవరికీ మెజారిటీ రాకపోతే ఒక్కో రాష్ట్రానికి ఒక్కో ఓటు అన్న నియమాన్ని మాత్రం ఆ సవరణ కదిలించలేదు. 1825లో 99 ఎలెక్టరల్ ఓట్లు వచ్చిన ఆండ్రూ జాక్సన్‌ను కాదని, 84 వచ్చిన జాన్ క్విన్సీ ఆడమ్స్‌ను సభ ఎన్నుకుంది. ఆయన జాన్ ఆడమ్స్ కొడుకే. ఈనాటికీ ఆ పరిస్థితి వస్తే అమెరికాలో పద్ధతి అదే: 50 రాష్ట్రాలలో 26 ఎవరివైతే, అధ్యక్షుడు వారే.