నాలుగు గడులు, ఒక్క డ్రా

(తెర మీద: దాదాపు ఖాళీ చెస్ బోర్డు. తెల్ల రాజు డి5లో, తెల్ల బంటు ఈ6లో, నల్ల రాజు ఈ7లో. ఎత్తు నల్లవైపుది.)

అండర్-13 చెస్ టోర్నమెంటు, ఆఖరి రౌండు అనుకుందాం. గంటల తరబడి సాగిన ఆటలో చివరికి మిగిలింది రెండు రాజులు, ఒక తెల్ల బంటు. నల్లపావులతో ఆడుతున్న అమ్మాయి గడియారంలో నిమిషం కూడా లేదు. ఎత్తు వేసినప్పుడల్లా కలిసే 30 సెకన్లే ఆధారం.

(దగ్గరగా: వేళ్ల మధ్య నల్ల రాజు)

ముట్టిన పావునే కదపాలన్నది నియమం. ఇక్కడ ఆ బెంగ లేదు, ఆమెకు ఉన్నదే ఒక పావు. చిక్కంతా దాన్ని ఎక్కడ వదలాలన్నదే. వేలు తీస్తే ఎత్తు ఖాయం.

వెళ్లగల గడులు నాలుగు: డి8, ఈ8, ఎఫ్8, ఎఫ్6. అక్షరం నిలువు వరుసకు, అంకె అడ్డ వరుసకు గుర్తు. మూడింట్లో ఓటమే.

డి8 చూడండి. తెల్ల రాజు డి6కు వచ్చి ఎదురుగా నిలబడతాడు, మధ్యలో ఒక్క గడి. ఇలా ఎదురుపడ్డప్పుడు ఎవరి వంతు వస్తే వాళ్లే పక్కకు తప్పుకోవాలి. కోచ్‌లు అపోజిషన్ అనేది దీన్నే. వంతు నల్లవైపుది. రాజు ఈ8కు జరుగుతాడు, బంటు ఈ7కు దూకుతుంది. ఇక మిగిలిన గడి ఎఫ్7 ఒక్కటే. తెల్ల రాజు డి7లో కూర్చుంటాడు, తరువాతి ఎత్తుకు బంటు చివరి వరుసకు చేరి మంత్రి అవుతుంది.

ఇప్పుడు ఈ8. చూడటానికి పిరికి ఎత్తు, నేరుగా వెనక్కి. తెల్ల రాజు డి6కు వస్తే నల్ల రాజు అప్పుడు డి8కు వెళతాడు. అదే ఎదురు, కానీ వంతు మారింది! బంటు ఈ7కు వచ్చి చెక్ అంటుంది, నల్ల రాజు ఈ8కు చేరి దారికి అడ్డంగా నిలుస్తాడు. బంటును కాపాడుకోవాలంటే తెల్ల రాజు ఈ6కే రావాలి. వచ్చాడో, నల్ల రాజుకు చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. స్టేల్‌మేట్. చెరి అర పాయింటు.

సిసిలియన్ అనే ఆరంభ పద్ధతిలో ఇరవై ఎత్తులు గడగడా ఒప్పజెప్పే పిల్లలు ఈ మూడు పావుల దగ్గర తడబడటం చూస్తే, ముగింపు కంటే ముందు ఆరంభం నేర్పుతూ మనం పాఠాన్ని తిరగేసి చెబుతున్నామేమో అనిపిస్తుంది నాకు. 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ టైటిల్ గెలిచిన మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణకు ముగింపు ఆటలోనే మంచి పేరు.

(తెర మీద: నల్ల రాజు ఈ8లో ఆగుతాడు. వేళ్లు పైకి లేస్తాయి. గడియారం మీట నొక్కిన చప్పుడు.)

ఎఫ్8, ఎఫ్6 ఎందుకు ఓడతాయో నేను చెప్పను. బోర్డు వేసుకుని మీరే ఆడి చూడండి.