ఒకే పుస్తకంలో పది చేతులు

అందరికీ నమస్కారం.

‘కామిక్స్ గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పండి మాస్టారూ’ అని పిలిస్తే వచ్చాను. తీరా చూస్తే ముందు వరుసల్లో పిల్లల కంటే తాతలే ఎక్కువగా కనిపిస్తున్నారు. నాకు సంతోషమే. నేను చెప్పబోయేది పలువురు చిత్రకారుల బొమ్మలు కలిపి వేసిన పుస్తకాల గురించి. వాటిలో పాతవాటిని చూసినవాళ్ళు మీరే.

నా చిన్నప్పుడు ఇక్కడే, మన అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఒక బంకులో పాత పత్రికలు అద్దెకు దొరికేవి. బంకాయన ఐదారు ‘చందమామ’లను ఒక్కటిగా కుట్టి, అట్ట వేసి, అంచులు కత్తిరించేవాడు. ఆ కత్తిరింపులో బొమ్మ మూలన ఉన్న సంతకం ఎన్నోసార్లు ఎగిరిపోయేది. దాంతో మాకు ఒక ఆట దొరికింది. పేజీ తెరిచి, ఇది చిత్రా గీసిందా, శంకర్ గీసిందా అని పందెం కాసేవాళ్ళం. ఓడినవాడు బొరుగుల పొట్లం కొనాలి. ఆ వయసులో నేను చాలా బొరుగులే కొన్నాను.

ఆ పత్రికను 1947లో చక్రపాణి గారితో కలిసి మొదలుపెట్టిన బి. నాగిరెడ్డి గారు మన పొరుగున ఉన్న కడప జిల్లావారే. అందులో బొమ్మలకు కథ మీద స్వారీ చేసే హక్కు లేదు. అవి కథ పక్కన నడిచేవి. అందుకని దాన్ని కామిక్స్ అనకూడదని కొందరు అంటారు. సరే, కామిక్స్ అని అననక్కరలేదు. ముఖచిత్రం మీద వడ్డాది పాపయ్య గారి రంగులు, లోపల జానపద సీరియల్‌కు చిత్రా గారి చురుకైన గీత, బేతాళ కథకు శంకర్ గారి నగిషీ పని. ఇవన్నీ ఒకే దారంతో కుట్టి ఉంటే, ఎవరూ పాఠం చెప్పకుండానే కన్ను తేడా పట్టుకుంటుంది. శవాన్ని భుజాన వేసుకున్న విక్రమార్కుడిని ఎక్కడ చూసినా ఇది శంకర్ చెయ్యి అనేస్తాం. అదే చెయ్యి ఒక్కటే వంద పేజీలు గీసి ఉంటే, రాజులందరూ అలాగే ఉంటారు కాబోలు అనుకుని ఊరుకునేవాళ్ళం. పక్కన ఇంకొకరు ఉన్నప్పుడే ఒకరి గీత తెలుస్తుంది. పలువురి బొమ్మల కథలను కలిపి వేసే పుస్తకాల మీద నా ప్రేమకు కారణం అదే.

అమెరికాలో ‘వాల్ట్ డిస్నీస్ కామిక్స్ అండ్ స్టోరీస్’ అనే మాసపత్రిక ఉండేది. ఎవరు గీసినా దాని మీద డిస్నీ పేరొక్కటే ఉండేది. 1943 నుంచి కార్ల్ బార్క్స్ అనే ఆయన అందులో డొనాల్డ్ డక్ అనే బాతు కథలు గీశాడు. పేరు తెలియకపోయినా, మిగిలిన బాతుల మధ్య ఈ బాతు వేరని పాఠకులు పసిగట్టారు. ఆయనకు ‘మంచి బాతు చిత్రకారుడు’ అని తామే పేరు పెట్టుకున్నారు. ఏళ్ళు గడిచి, 1960 ప్రాంతంలో అసలు పేరు బయటికి వచ్చింది. ఆ పిల్లలు మా బొరుగుల జట్టులో ఉండవలసినవాళ్ళు.

బ్రిటన్‌లో ఇంకా ఘోరం. చాలా వారపత్రికల్లో చిత్రకారుడు మూలన సంతకం పెడితే దాన్ని తెల్లరంగుతో కప్పేసేవారు. 1977లో మొదలైన ‘2000 ఏ.డి.’ అనే వారపత్రిక ఆ ఏడాదే ఆ పద్ధతి మార్చి, ప్రతి కథకూ రచయిత పేరు, చిత్రకారుడి పేరు వేయసాగింది. అందులో జడ్జ్ డ్రెడ్ అనే పోలీసు న్యాయమూర్తి ఉంటాడు. అతణ్ణి ఒకసారి బ్రయన్ బొలాండ్ గీస్తాడు. ప్రతి గీతా కడిగిన గాజులా శుభ్రంగా ఉంటుంది. ఇంకోసారి మిక్ మెక్‌మహన్ గీస్తాడు. మనిషి కంటే బూట్లే పెద్దవిగా కనిపిస్తాయి. పాత్ర అదే, దుస్తులు అవే. నాకు మాత్రం బూట్ల ఆయనే ఇష్టం. బొలాండ్ అభిమానులు క్షమించాలి.

జపాన్‌లో ‘షోనెన్ జంప్’ వారపత్రికది వేరే దారి. ఏ కథ నచ్చిందో పాఠకులు కార్డు మీద రాసి పంపుతారు. వెనకబడిన సీరియల్‌ను త్వరగా ముగిస్తారు. 1990ల నడుమ ఒక్కో సంచిక 65 లక్షల ప్రతులు దాటింది కాబట్టి ఆ లెక్క తప్పని అనలేం. కానీ నెమ్మదిగా రుచి తెలిసే చిత్రకారుడు ఆ ఓట్ల తాకిడికి నిలబడడం కష్టం.

అలాంటివారికి చిన్న పత్రికలే దిక్కు. ఆర్ట్ స్పీగల్‌మన్, ఫ్రాన్స్వా మూలీ దంపతులు 1980లో న్యూయార్క్‌లో ‘రా’ అనే పెద్ద సైజు పత్రికను మొదలుపెట్టారు. నాజీల కాలంలో తన తండ్రి పడిన బాధలను స్పీగల్‌మన్ ‘మౌస్’ పేరుతో అందులోనే సీరియల్‌గా గీశాడు. యూదులు ఎలుకలు, నాజీలు పిల్లులు. చుట్టూ ఆర్భాటమైన ప్రయోగాలు ఉండగా ఆ కథ మాత్రం చిన్న పుస్తకంలా పేజీల మధ్య ఒదిగి వచ్చేది. 1992లో దానికి ప్రత్యేక పులిట్జర్ బహుమతి వచ్చింది. మన దేశంలో 2015లో జుబాన్ సంస్థ ‘డ్రాయింగ్ ద లైన్’ అనే సంకలనంలో 14 మంది యువ చిత్రకారిణుల కథలను అచ్చువేసింది. అన్నీ నాకు నచ్చలేదు. రెండు మూడు కథల్లో గీత ఇంకా తడబడుతోంది. ఆ తడబాటు పక్కనే, రెండు పేజీల తరువాత గట్టి చెయ్యి తగిలినప్పుడు కలిగే ఆశ్చర్యం, ఒకరే గీసిన పుస్తకంలో నాకు దొరకదు.

పిల్లలూ, మీకు ‘టింకిల్’ అనే పిల్లల బొమ్మల పత్రిక తెలుసు కదా? అందులో వేటగాడు శికారి శంభు కళ్ళు ఎప్పుడైనా చూశారా? టోపీ ముక్కు దాకా దిగి ఉంటుంది. అలా గీసినవారు వి. బి. హల్బే. అందులోనే వచ్చే అమాయకుడు సుప్పండి తలకట్టు రామ్ వయీర్కర్ గారిది. ఇంటికి వెళ్ళి ఇద్దరి బొమ్మలనూ పక్కపక్కన పెట్టి, మనుషుల చేతివేళ్ళు మాత్రమే చూడండి. ముఖాలు మోసం చేస్తాయి, వేళ్ళు చెయ్యవు.

ఇంత దూరం తిరిగాక మన లేపాక్షికి రాకపోతే తప్పవుతుంది. జిల్లాలు విడిపోయాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది కానీ, బస్సు దారి మారలేదు. వీరభద్రాలయం పైకప్పు మీద పదహారో శతాబ్దపు బొమ్మలు పట్టీలు పట్టీలుగా సాగుతాయి. ఒకచోట కిరాతార్జునీయం, ఒకచోట ద్రౌపదీ స్వయంవరం, ఇంకొకచోట ఆవుదూడ కోసం కన్నకొడుకును శిక్షించిన మనునీతి చోళుడి కథ. ఒకే కప్పు కింద అన్ని కథలు! కట్టించిన విరూపణ్ణ పేరు అందరికీ తెలుసు. గీసినవారి పేర్లు మాత్రం ఆ గోడల మీద కనిపించవు. నేను పిల్లలను తీసుకువెళ్ళినప్పుడల్లా నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఇక్కడ ఎన్ని చేతులున్నాయో లెక్కపెట్టమంటాను. ఒక ఏడు నాలుగన్నారు, మరొక ఏడు ఆరన్నారు. అడవిపంది వేటను గీసిన చెయ్యీ, చీరల అంచులను ఓపికగా నింపిన చెయ్యీ ఒకటేనంటే నా కన్ను ఒప్పుకోదు.

నాతో ఐదు బైండు పుస్తకాలు తెచ్చాను. ఇప్పుడు వరుసలవారీగా మీ చేతికి వస్తాయి. సంతకం ఉన్న మూలను బొటనవేలితో మూసి, ఎవరు గీశారో పక్కవారితో పందెం కాయండి. పేజీలు మడవకండి. మూడో పుస్తకానికి కుట్టు వదులైంది, దాన్ని రెండు చేతులతో పట్టుకోండి.