వజ్రపుటుంగరంలో మీరు దేనికి డబ్బిస్తున్నారు?

స్క్రీన్ మీద రెండు రాళ్ళున్నాయి చూడండి. రెండూ గుండ్రటివే, రెండూ ఒక్కో క్యారెట్. రంగు గ్రేడు జి, స్వచ్ఛత గ్రేడు విఎస్2, అవీ రెంటికీ ఒకటే. కానీ ఎడమ రాయి అడ్డం కొలత 6.45 మిల్లీమీటర్లు, కుడిది 6.2. ఎడమది లైటు పడగానే మెరుస్తోంది. కుడిదాని నడిమధ్యలో మసి అంటినట్టు ఒక నల్ల మచ్చ. బరువు ఒకటే అయితే ఆ వెడల్పు ఏమైంది? రాయి అడుగుకి పోయింది. ఉంగరంలో కూర్చున్నాక ఆ అడుగు ఎవరికీ కనపడదు, కానీ దాని బరువుకీ డబ్బు కట్టారు.

ముందు క్యారెట్ సంగతి. బంగారం క్యారెట్ వేరు, వజ్రం క్యారెట్ వేరు. బంగారంలో అది స్వచ్ఛత: 18 క్యారెట్లంటే నూటికి 75 పాళ్ళు బంగారం. వజ్రంలో అది బరువు: ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, గ్రాముకి ఐదు క్యారెట్లు. దాన్ని వంద భాగాలు చేసి మన షాపుల్లో సెంట్లు అంటారు. 50 సెంట్లంటే అర క్యారెట్.

ధర రాయికి కాదు, క్యారెట్‌కి కడతారు. ఆ క్యారెట్ రేటు మెట్లు మెట్లుగా పెరుగుతుంది. వ్యాపారుల ధరల పట్టీలో 90 నుంచి 99 సెంట్ల వరకు ఒక మెట్టు, 1.00 నుంచి ఇంకో మెట్టు. కాబట్టి రెండు అర క్యారెట్ రాళ్ళ ధర కలిపినా ఒక క్యారెట్ రాయి ధరకి సరిపోదు, పెద్ద రాయి అరుదు మరి. సానపట్టేవాడికి ఈ మెట్టు బాగా తెలుసు. ముడిరాయిని చక్కటి కొలతల్లో కోస్తే 93 సెంట్లు వచ్చేచోట, అడుగు కాస్త లోతుగా, అంచు కాస్త మందంగా వదిలేస్తే 1.01 వస్తుంది. అదే మన కుడి రాయి. ఇందులో అబద్ధమేమీ లేదు. క్యారెట్ అడిగారు, క్యారెట్ ఇచ్చారు. బాగా సానపట్టిన 90 సెంట్ల రాయి కూడా దాదాపు 6.2 మిల్లీమీటర్లే ఉంటుంది, ధర ఒక మెట్టు కింద, మెరుపు నాలుగు మెట్లు పైన.

ఇక మెరుపు. గాలిలోంచి వజ్రంలోకి దిగిన కాంతి బాగా వంగుతుంది, దాని వక్రీభవన గుణకం 2.42. లోపలి గోడకి, లంబరేఖ నుంచి కొలిస్తే 24.4 డిగ్రీల కన్నా ఎక్కువ వాలుగా తగిలితే బయటికి పోలేక వెనక్కి తిరుగుతుంది. అడుగు ముఖాలు సరైన వాలులో ఉంటే అది రెండు గోడలకీ కొట్టుకుని పైనుంచి మీ కంటికి చేరుతుంది. ఆ వాలు సుమారు 41 డిగ్రీలు, పై భాగానిది 34.5 దగ్గర. ఈ లెక్కని 1919లో వజ్రాలు సానపట్టే కుటుంబంలో పుట్టిన ఇంజనీరు మార్సెల్ టోల్కోవ్‌స్కీ అచ్చులో పెట్టాడు. నేటి 57 ముఖాల గుండ్రటి కోత, మొనని చదును చేస్తే 58, దాని వారసురాలే.

అడుగు మరీ నిటారైతే కాంతి పక్కకి జారిపోయి, నడుమ మేకు తలలాంటి నల్ల మచ్చ వస్తుంది. మరీ పలచనైతే, నెత్తిమీది పెద్ద ముఖంలోంచి చూసినప్పుడు అంచు నీడ తెల్లటి వలయంలా, చేప కన్నులా కనిపిస్తుంది. మెరుపు పోవడం రెండింట్లోనూ ఒకటే. అందుకే సర్టిఫికెట్ చేతికి రాగానే ముందు కొలతల వరస చూడండి. గుండ్రటి రాయికి అడ్డం కొలతలో లోతు 59 నుంచి 62.5 శాతం, టేబుల్ (నెత్తిమీది ఆ పెద్ద ముఖం) 54 నుంచి 58 శాతం మధ్య ఉంటే మంచి దారిలో ఉన్నట్టు. కుడి రాయి లోతు దాదాపు 67 శాతం. కోతకి ఎక్సలెంట్ తప్ప ఇంకేదీ వద్దు. ఓవల్, పియర్ ఆకారాలకైతే కాగితాన్ని నమ్ముకోకండి. వాటిలో నడుమ బో టైలా అడ్డంగా నల్లటి నీడ పడుతుంది, ఎంత పడిందో రాయిని అటూ ఇటూ తిప్పి చూస్తేనే తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో కొంటుంటే వీడియో లేని రాయి వదిలేయండి.

స్వచ్ఛత దగ్గర మనవాళ్ళకి పట్టింపు ఎక్కువ. ఊరికే వచ్చింది కాదది. బ్రెజిల్‌లో వజ్రాలు దొరికే 18వ శతాబ్దం దాకా లోకానికి వజ్రాలు దాదాపుగా మన దేశం నుంచే వెళ్ళాయి, పల్నాటి కొల్లూరు గనులతో సహా. మన రత్నశాస్త్రాలు దోషాలకి పేర్లు కూడా పెట్టాయి: బిందువు, రేఖ, కాకపదం. ఇప్పటి పద్ధతిలో పదింతలు పెద్దగా చూపే లూపుతో చూసి ఏ మచ్చా లేని ఎఫ్ఎల్ నుంచి వివిఎస్, విఎస్, ఎస్ఐల మీదుగా మచ్చలు బాగా ఉన్న ఐ3 దాకా అంతస్తులు ఇస్తారు. మన షాపుల్లో నెక్లెస్‌కైనా ఉంగరానికైనా అలవాటుగా వినిపించే మాట ఇఎఫ్-వివిఎస్, అంటే రంగు ఇ లేదా ఎఫ్, స్వచ్ఛత వివిఎస్. చిన్న రవ్వలకి సరే. ఒంటి రాయికి మాత్రం వివిఎస్ అంటే లూపులో కూడా వెతుక్కోవాల్సిన మచ్చకి డబ్బు కట్టడం. గుండ్రటి కోతలో విఎస్2 దాదాపు ఎప్పుడూ కంటికి శుభ్రమే, ఎస్ఐ1 కూడా చాలాసార్లు చాలు. మచ్చ ఎక్కడుందన్నది అంతకన్నా ముఖ్యం: టేబుల్ కింద నల్లగా ఉంటే వద్దు. అంచుని తాకే చీలిక ఉన్నా వద్దు, బిగించేటప్పుడు అక్కడే పెచ్చు ఊడుతుంది. వజ్రం గట్టిదే, కానీ కొన్ని దిశల్లో దెబ్బ తగిలితే చీలుతుంది. మెట్లమెట్ల ముఖాలుండే దీర్ఘచతురస్రపు ఎమరాల్డ్ కోతకి మాత్రం విఎస్1కి తగ్గకండి, అద్దాల మేడలాంటి ఆ ముఖాలు దేన్నీ దాచవు.

రంగు గురించి ఎక్కువ అక్కర్లేదు. డి నుంచి జెడ్ దాకా గ్రేడులు, డి నీళ్ళలాంటిది, జెడ్ వైపు పోయేకొద్దీ పసుపు ఛాయ. పసుపు బంగారంలో పెట్టేదైతే హెచ్, ఐ రంగులు చాలు, బంగారం పసుపు ఎలాగూ రాయిలోకి వస్తుంది. ప్లాటినంలోనైతే జి.

ల్యాబ్‌లో తయారైన వజ్రమా, గనిలోదా? రెండూ కార్బనే, రెండూ వజ్రమే. షాపులో పెన్నులాంటి మీటరు వేడి ఎంత వేగంగా పాకుతోందో చూస్తుంది, రెంటికీ వజ్రమనే చెబుతుంది. వేడి ఒక్కటే కొలిచే పాత మీటరు, వజ్రంలా మెరిసే వేరే రాయి మోయిసనైట్‌ని కూడా వజ్రమనేస్తుంది. ల్యాబ్‌దా గనిదా అని తేల్చేది వర్ణపట పరీక్షే. ధర సంగతికొస్తే, వజ్రాల గనుల కంపెనీ డీ బీర్స్ 2018లో లైట్‌బాక్స్ పేరుతో ల్యాబ్ వజ్రాలని క్యారెట్ 800 డాలర్లకి మొదలుపెట్టి, 2024లో 500కి దించి, 2025లో ఆ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. రియాక్టరులో వారాల్లో తయారయ్యే వస్తువు అరుదుగా ఎంతకాలం ఉంటుంది? వజ్రాలకి సర్టిఫికెట్లు ఇచ్చే అమెరికా సంస్థ జిఐఎ కూడా 2025 అక్టోబరు నుంచి ల్యాబ్ వజ్రాలకి రంగు, స్వచ్ఛతల పాత అక్షరాలు మానేసి ప్రీమియం, స్టాండర్డ్ అనే రెండు మాటలే రాస్తోంది. అందం కోసం, పెద్ద రాయి కోసం ల్యాబ్‌ది కొనుక్కోండి, తప్పేం లేదు. రేపు అమ్ముకుందామనుకుంటే మాత్రం కొనకండి. గని వజ్రం కూడా బంగారం కాదు, దానికి ఏ రోజుకారోజు రేటు బోర్డు ఉండదు. తిరిగి తీసుకుంటే ఎంత శాతం, అది మార్పిడికా నగదుకా, బిల్లు మీద రాయించుకోండి.

బిల్లులో ఇంకోటి. ఉంగరం మొత్తం 4.200 గ్రాములు తూగి, రాయి ఒక క్యారెట్ అయితే, బంగారం 4.000 గ్రాములే. ఆ 0.2 గ్రాములకి బంగారం రేటూ, దాని మీద తరుగూ పడ్డాయేమో చూసుకోండి. రాయి అంచు మీద లేజర్‌తో చెక్కిన నంబరునీ సర్టిఫికెట్ నంబరునీ లూపులో పోల్చి చూపించమనండి, రాయిని బిగించకముందే. వెనక మూసేసి రేకు వేసిన క్లోజ్డ్ సెట్టింగ్‌లో ఒంటి రాయి కొనొద్దు, అడుగు కనపడదు.

బిగింపు సంగతి. నాలుగు కొక్కేలుంటే రాయి ఎక్కువ కనిపిస్తుంది, ఆరుంటే ఒకటి విరిగినా రాయి నిలుస్తుంది. రోజూ పెట్టుకునే చేతికి ఆరే మంచిది. చదరపు ప్రిన్సెస్, పియర్ రాళ్ళ మొనలకి వి ఆకారపు తొడుగు ఉండాలి.

కొన్న నెలకే మెరుపు తగ్గిందని చాలామంది షాపుకి పరుగెడతారు. వజ్రానికి నీరు అంటదు, జిడ్డు అంటుతుంది. తలనూనె, శనగపిండి, క్రీము, అన్నీ అడుగు ముఖాలకి పట్టి, ఇందాక చెప్పిన కాంతి లెక్కని చెడగొడతాయి. గోరువెచ్చటి నీళ్ళలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, పావుగంట నాననిచ్చి, మెత్తటి బ్రష్షుతో రాయి వెనకవైపు రుద్దండి, సింకు రంధ్రం మూసి మరీ. తుడిచాక చెవి దగ్గర పెట్టి వేలితో తట్టండి. టిక్కుమని కదిలిన చప్పుడు వచ్చినా, చీర కుచ్చిళ్ళకి కొక్కెం పట్టుకుంటున్నా, బిగింపు సరిచేయించేదాకా పెట్టుకోకండి.