ఒహాయోలో 1972 హోండా వైరింగ్, ఆటోనగర్ బల్బు

అందరికీ నమస్తే. పోయిన వీడియో కింద అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, ఇంతకీ ఆ బండి నడుస్తోందా?" కిక్ కొడితే స్టార్ట్ అవుతోంది. హెడ్‌లైట్ వేస్తే ఆగిపోతోంది. ఇవాళ దాని సంగతే. ఇది హోండా సీబీ350. 2020లో ఇండియాలో వచ్చిన సీబీ350 కాదండీ, అది సింగిల్ సిలిండర్. ఇది 1972 మోడల్, రెండు సిలిండర్లు. 1500 డాలర్లకు కొన్నాను. డాలరు 85 లెక్కన లక్షా 27 వేల 500. అమ్మకి చెబితే "ఆ డబ్బుకి ఇక్కడ కొత్త స్ప్లెండర్ వచ్చేది కదరా" అంది. నిజమే, వచ్చేది.

మేం ఉండేది కొలంబస్ పక్కన డబ్లిన్‌లో. కారులో కాసేపు వెళ్తే మేరీస్‌విల్. హోండా వాళ్ళు 1979లో అక్కడ మోటార్ సైకిళ్ళ ఫ్యాక్టరీ మొదలుపెట్టారు, దూర ప్రయాణాల పెద్ద బండ్లు గోల్డ్‌వింగ్‌లు ఏళ్ళ తరబడి అక్కడే తయారయ్యాయి. అలాంటి చోట పాత హోండా బాగుచేసే మనిషి దొరకడా అనుకుంటాం కదా. షాపుకి ఫోన్ చేస్తే ముందు అడిగేది బండి ఏ సంవత్సరానిదని. 1972 అనగానే, 20 ఏళ్ళు దాటిన బండ్లు ముట్టుకోం అన్నారు. ఇంకో చోట ఒప్పుకున్నారు గానీ గంటకి 130 డాలర్లట, అంటే 11 వేల పైన. ఎన్ని గంటలు పడుతుందో ముందే చెప్పలేరట. ఆ ఒక్క గంట డబ్బుతో మన దగ్గర బండికి వైరింగ్ కిట్టు మొత్తం మార్పించి, మిగిలినదాంతో ఇంటిల్లిపాదికీ బిర్యానీ పెట్టొచ్చు. ఇక్కడ నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఇదే. పార్టు మార్చేవాళ్ళు ఉన్నారు, బాగుచేసేవాళ్ళు లేరు.

మా బాబాయికి విజయవాడ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉంది. అసలు ఈ వీడియో ఆయన చూస్తానన్నాడనే తీస్తున్నా. మీరందరూ చూస్తున్నారు, సంతోషం. ఆయనకి మొన్న వీడియో కాల్‌లో మీటరు రీడింగులు చూపించాను. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, కాయిల్ (ప్లగ్గులకి స్పార్క్ ఇచ్చేది) వైరు ఊడదీసి దాని కొస దగ్గర చూస్తే అక్కడా 12.6. "అంతా బాగానే ఉంది కదా బాబాయ్" అన్నాను. "ఆ మీటరు పక్కన పెట్టరా నాన్నా. బ్రేక్ లైట్ బల్బుకి రెండు వైర్లు కట్టి చూడు" అన్నాడు.

బల్బుని నేరుగా బ్యాటరీకి పెడితే కళ్ళు చెదిరేలా వెలిగింది. కాయిల్ వైరుకి పెడితే గుడ్డిగా, ఎర్రగా వెలిగింది. సంగతేమిటంటే, మీటరు కరెంటు దాదాపు తీసుకోదు. తుప్పు పట్టిన కనెక్టర్‌లోంచి కూడా దానికి పూర్తి వోల్టేజి కనిపిస్తుంది. 21 వాట్ల బల్బు ఒకటిన్నర ఆంపియర్ పైన లాగుతుంది కాబట్టి అసలు రంగు బయటపడుతుంది. ఆ బల్బు వెలుగుతుండగా మీటరు ఒక కొస బ్యాటరీ ప్లస్‌కి, ఇంకో కొస కాయిల్ వైరుకి పెడితే, దారిలో ఎన్ని వోల్టులు పోతున్నాయో నేరుగా చెబుతుంది. 2.3 పోతున్నాయి. హెడ్‌లైట్ కూడా వేస్తే ఇంకా పోతాయి, కాయిల్‌కి చాలక ఇంజిన్ ఆగిపోతోంది.

ఎక్కడెక్కడ పోతున్నాయో ఒక్కో జాయింటు దగ్గరా చూశాను. మొత్తం బండికి ఉన్నది ఒకటే 15 ఆంపియర్ల గాజు ఫ్యూజు. దాన్ని పట్టుకునే క్లిప్పులు వదులైపోయి చేత్తో ముట్టుకుంటే కాలుతున్నాయి. తర్వాత తాళం స్విచ్చి, హ్యాండిల్ మీద కిల్ స్విచ్చి (ఇంజిన్ ఆపేది), వాటిలోనూ కొంత పోతోంది. హెడ్‌లైట్ డొప్ప విప్పితే బండిలో ఉన్న వైర్లలో సగం అందులోనే కుక్కి ఉన్నాయి. రంగులు మాత్రం పుట్టింటివాళ్ళు కనిపించినట్టు ఉన్నాయి: ఆకుపచ్చ ఎర్త్, ఎరుపు బ్యాటరీ, నలుపు తాళం తిప్పాక వచ్చే పవర్. మన హీరో హోండాల్లో ఉండేవే. ఇంటి కరెంటులో మాత్రం జాగ్రత్త. మన పాత ఇళ్ళల్లో నలుపు న్యూట్రల్, అమెరికాలో నలుపు ఫేజు. గ్యారేజీలో ఫ్యాన్ బిగించుకుంటామని అడిగినవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంకోటి, ఇండియా నుంచి సోల్డరింగ్ ఐరన్ తెచ్చుకోకండి. ఇక్కడ 120 వోల్టులే. మన 25 వాట్ల ఐరన్ ఇక్కడ ఏడు వాట్లు కూడా ఇవ్వదు, సీసం కరగదు. అయినా బండి వైబ్రేషన్‌కి సోల్డర్ పక్కన వైరు తెగుతుంది, నొక్కి బిగించే బుల్లెట్ కనెక్టర్లే మేలు. జపాన్ బండ్లకి 3.9 మిల్లీమీటర్లవి కావాలి, ఇక్కడ మామూలు షాపుల్లో దొరికేవి సరిపోవు.

ఇక అసలు మార్పు. కారు హారన్‌కి వాడే నాలుగు కాళ్ళ రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చి, 8 డాలర్లు, 680 రూపాయలు. దాని కాళ్ళకి నంబర్లుంటాయి. బ్యాటరీ నుంచి కొత్త ఫ్యూజు మీదుగా 30కి, 87 నుంచి కాయిల్‌కి. పాత కాయిల్ వైరు 86కి, 85 ఎర్త్‌కి. పాత వైరింగ్ ఇప్పుడు రిలేని లేపితే చాలు, బరువు మోయక్కర్లేదు. కిల్ స్విచ్చి ఎప్పటిలాగే పనిచేస్తుంది. బిగించాక చూస్తే పావు వోల్టు కూడా పోవట్లేదు. చప్పుడు విన్నారుగా, ఒక్క కిక్కు!

ఆ చప్పుడుకి పక్కింటి పెద్దాయన వచ్చేశాడు. కుర్రతనంలో ఆయనకీ ఇదే బండి ఉండేదట, నారింజ రంగుది. కుర్చీ వేశాను, టీ ఇచ్చాను, సాయంత్రం అయిపోయింది. గోంగూర తెమ్మని మా ఆవిడ పొద్దున చెప్పింది, ఇండియన్ స్టోర్ మూసేలోపు పరిగెత్తాలి.

హెడ్‌లైట్‌కి రిలే వచ్చే ఆదివారం. పాత సెలీనియం రెక్టిఫయర్ (బండి తయారుచేసే ఏసీని బ్యాటరీకి డీసీగా మార్చేది) తీసి కొత్తది పెట్టడం కూడా అప్పుడే. బాబాయ్, వీడియో చూశాక ఫోన్ చెయ్యి. ఇక్కడ అర్ధరాత్రి అయినా పర్లేదు, చెయ్యి.