పాత బోయింగ్ 737లు, 757లు ఇంకెన్నాళ్లు?

అందరికీ నమస్కారం.

నేను విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేసినవాణ్ణి. ఆ సంగతి తెలిసిన ప్రతివాళ్లూ నన్ను అడిగేది ఒకటే: "మేమెక్కిన విమానం ఇరవై ఏళ్ల పాతదట, ఫర్వాలేదా?" నేను తిరిగి అడుగుతాను, ఇప్పటికి అది ఎన్నిసార్లు ఎగిరిందో తెలుసా అని. ఎవరికీ తెలియదు. తెలియాల్సింది మాత్రం అదే.

విమానం పైకెళ్లినప్పుడల్లా లోపలి గాలి ఒత్తిడికి దాని ఒళ్లు కాస్త ఉబ్బుతుంది. దిగాక మళ్లీ సర్దుకుంటుంది. ఒకసారి ఎక్కి దిగితే మా లెక్కలో ఒక సైకిల్. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఎక్కడో ఒకచోట పుటుక్కున తెగుతుంది కదా, రేకుకైనా అంతే. ఖండాలు దాటే పెద్ద విమానం పన్నెండు గంటలు ఎగిరినా దాని ఖాతాలో ఒక సైకిలే. 737, ఎయిర్‌బస్ ఏ320 లాంటి నారోబాడీలు, అంటే మధ్యలో ఒకే నడవా ఉన్నవి, రోజుకు ఐదారు సార్లు ఎక్కి దిగుతాయి. అరుగుదలంతా వాటిదే.

1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల దగ్గర, 24,000 అడుగుల ఎత్తులో, అలోహా ఎయిర్‌లైన్స్ వాళ్ల 737-200 పైకప్పులో పెద్ద ముక్క ఊడిపోయింది. విమానం వయసు 19 ఏళ్లే. సైకిళ్లు మాత్రం దాదాపు 90,000. దీవి నుంచి దీవికి పొట్టి ప్రయాణాలు, పైగా ఉప్పుగాలి. పైలట్లు ఎలాగో కిందికి దింపారు గానీ ఒక ఎయిర్ హోస్టెస్ ప్రాణం పోయింది. అక్కడ కొంప ముంచింది ఒక్క పెద్ద పగులు కాదు. రివెట్ల వరసలో కంటికి ఆనని బుల్లి పగుళ్లు చాలా ఉండి, ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. పాత విమానాల తనిఖీ రూపురేఖలు మారింది ఆ తర్వాతే. ఫలానా మోడల్‌ని ఎన్ని సైకిళ్లు, ఎన్ని గంటల వరకు నడపొచ్చో తయారీదారు రుజువులతో చెప్పాలని 2010లో అమెరికా రూలు కూడా పెట్టింది. ఆ గీత దాటితే ఇక ఎగరకూడదు.

అయితే ఆ గీత దాకా చేరే విమానాలు తక్కువ. పాడు చేసేది ఒక్కోసారి మనమే. ఒకసారి హ్యాంగర్‌లో పాత 737 పెయింట్ గీకించి చూస్తున్నాం. రెండు రేకులు ఒకదానిమీదొకటి ఎక్కే అతుకు వెంబడి, వెంట్రుకంత సన్నగా, తిన్నగా ఒక గీత. టార్చి వెలుతురు ఏటవాలుగా కొడితేనే కనిపిస్తుంది. ఎప్పుడో ఎవరో పాత సీలెంట్‌ని, అంటే అతుకుల్లో నింపే జిగురు లాంటి మందుని, పదునైన కత్తితో గీకేశారు. ఆ గీతలోంచే పగులు మొదలవుతుంది. అందుకే సీలెంట్‌కి ప్లాస్టిక్ చెక్క వాడమని కుర్రాళ్లకు నెత్తీనోరూ బాదుకుని చెప్పేవాళ్లం. అది చేసినవాడు అప్పటికి రిటైరైపోయి ఉంటాడు, తిట్టుకోవడానికి కూడా మనిషి దొరకలేదు!

2019లో ఇంకో చిత్రం జరిగింది. ఒక 737 ఎన్‌జీని (737లో తర్వాతి తరం) సరుకు విమానంగా మారుద్దామని విప్పితే, రెక్కను ఒంటికి పట్టి ఉంచే భాగంలో పగుళ్లు కనిపించాయి. మావాళ్లు దాన్ని పికిల్ ఫోర్క్ అంటారు, పచ్చళ్ల ఫోర్క్‌లా ఉంటుంది కాబట్టి. 90,000 సైకిళ్లు నిలవాల్సిన భాగం. 30,000 దాటిన విమానాలన్నిటినీ వారం రోజుల్లో చూడమని అమెరికా ఆర్డర్ వేసింది.

సరే, ఒంటి సంగతి ఇది. కానీ ఎక్కువ విమానాలు ఆగిపోయేది ఇంజిన్ల లెక్క దగ్గర. ఇరవై ఏళ్ల ఏ320 విలువలో ఎక్కువ భాగం ఆ రెండు ఇంజిన్లలోనే ఉంటుంది. ఆ తరంలో బాగా వాడిన సీఎఫ్ఎం56 ఇంజిన్ లోపల తిరిగే, రెక్కల్ని పట్టి ఉంచే డిస్కులకు ఒక్కోదానికి ఒక్కో ఆయుష్షు: కొన్నింటికి 20,000 సైకిళ్లు, కొన్నింటికి 25,000, ముందు ఫ్యాన్ వైపువాటికి 30,000. ఆ అంకె రాగానే, భాగం అద్దంలా మెరుస్తున్నా సరే, తీసి అవతల పెట్టాల్సిందే. ఇంజిన్ రిపేరు, విమానాన్ని పూర్తిగా విప్పే పెద్ద చెక్ ఒకే ఏడాదిలో పడ్డాయంటే యజమాని కాగితం ముందేసుకుని కూర్చుంటాడు. ఆ ఖర్చు కంటే విడిభాగాలకే ఎక్కువ వస్తుందని తేలితే విమానం ఎడారికి, అక్కడ విప్పి భాగాలు అమ్ముకుంటారు.

ఇప్పుడు ఈ లెక్క తలకిందులైంది. కొత్త విమానం కావాలంటే ఏళ్ల తరబడి క్యూలో ఉండాలి. పైగా 2023లో ప్రాట్ అండ్ విట్నీ కొత్త జీటీఎఫ్ ఇంజిన్లలో వాడిన లోహపు పొడిలో లోపం బయటపడి వందల విమానాలు నేలమీద నిలబడ్డాయి. ఆ ఇంజిన్లతో ఎగిరే, ఇంధనం పదిహేను శాతం ఆదా చేస్తుందన్న కొత్త ఏ320నియో షెడ్డులో కూర్చుంటే, దాని అన్న పాత ఏ320 డ్యూటీ చేస్తున్నాడు. ఇంకా విడ్డూరం, ఇంజిన్లకు అంత గిరాకీ వచ్చి పదేళ్లు కూడా నిండని నియోలను విప్పి భాగాలుగా అమ్మారు.

అందుకే "పాతికేళ్లకు రిటైర్" లాంటి జోస్యాలు నేను నమ్మను. ఒక్కో రకానికి ఒక్కో తలరాత. మెక్‌డొనెల్ డగ్లస్ వాళ్ల ఎండీ-80 ఒళ్లు గట్టిదే, ఇంధనం తాగుడే దాని కొంప ముంచింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2019 సెప్టెంబర్‌లో, డెల్టా 2020 జూన్‌లో వాటిని పంపేశాయి. దాని తమ్ముడు ఎండీ-87 కొన్ని ఇప్పుడు అడవి మంటల మీద మందు చల్లుతున్నాయి. 757ల తయారీ 1,050 దగ్గర, 2004లో ఆగింది. పొట్టి రన్‌వే నుంచి బరువుతో దూరం పోగల ఆ మొండి బలానికి సరైన జోడీ చాలాకాలం రాలేదు. 2024 నవంబర్‌లో స్పెయిన్ ఎయిర్‌లైన్ ఐబీరియా, ఎయిర్‌బస్ వాళ్ల దూరప్రయాణాల ఏ321 ఎక్స్ఎల్ఆర్‌ని నడపడం మొదలెట్టాక ప్రయాణికుల పనిలో దానికి పోటీ వచ్చింది. సరుకుల పనిలో మాత్రం 757 ఇంకా కొన్నాళ్లు ఉంటుంది. పార్సిల్ విమానం రాత్రికి ఒకటి రెండు సార్లే ఎగురుతుంది, ఇంధనం ఎక్కువ తాగినా ఫర్వాలేదు, కొన్న ధర తక్కువైతే చాలు.

దాదాపు 5,000 తయారైన 737-800లకూ ఇదే దారి. ఎడమవైపు ముందు భాగంలో పెద్ద తలుపు కోసి, నేలను గట్టిచేసి, కిటికీలు మూసేస్తారు. అందరికీ ఆ యోగం పట్టదు. సైకిళ్లు తక్కువగా, కాగితాలు సరిగ్గా ఉన్నవాటికే. పుట్టినప్పటి నుంచి ప్రతి డిస్కు చరిత్రా కాగితం మీద లేకపోతే ఎంత మంచి ఇంజిన్ అయినా తుక్కే.

చివరగా నాకు ఇష్టమైన ముసలిది, 737-200. ఉత్తర కెనడాలో గులకరాళ్ల రన్‌వేల మీద ఇంకా దిగుతోంది. ముందు చక్రం వెనక రాళ్లు ఎగరకుండా ఒక రేకు, ఇంజిన్లు సుడిగాలితో రాళ్లను పీల్చకుండా వాటి ముందు గాలి ఊదే గొట్టాలు, అంతే దాని రహస్యం. సన్నటి ఇంజిన్లు కాబట్టి అది కుదిరింది. ఆ తర్వాత వచ్చిన 737ల ఇంజిన్లు లావై నేలకు దగ్గరగా దిగాయి, రాళ్లు పీల్చేస్తాయి. ఇవి పోయాక ఆ పనికి కొత్త జెట్ ఎవరైనా తయారుచేస్తారా అంటే, అంత చిన్న మార్కెట్‌కి ఎవరూ చెయ్యరని నా అంచనా. అక్కడి రన్‌వేలకే తారు వెయ్యాల్సి వస్తుంది.